మధ్యస్థాయి ఇంగ్లీషు పదాలు: జాబితా పట్టాలా, కార్డులు చేయాలా, పుస్తకం తెరవాలా?

ఇంగ్లీషు అసలు రానివారి కంటే కొంత వచ్చినవారికే పదాల బెంగ ఎక్కువ. మొదట్లో ఏ మాట దొరికినా లాభమే కాబట్టి ఏది నేర్చుకోవాలన్న ప్రశ్న రాదు. ఒక రెండు వేల మాటలు చేతికొచ్చాక పరిస్థితి మారుతుంది. వార్త చదివితే విషయం తెలుస్తుంది కానీ మెలిక తెలియదు. ఎదుటివారు చెప్పింది అర్థమవుతుంది, జవాబు చెప్పబోతే తగిన మాట నోటికి రాదు. అక్కడి నుంచి వెతుకులాట మొదలవుతుంది: వెయ్యి పదాల జాబితా కంఠస్థం చేయడమా, ఒకవైపు పదం, వెనక అర్థం చూపే కార్డుల యాప్ ఫోనులో పెట్టుకోవడమా, కథలు చదవడమా, సినిమాలు చూడటమా, ధాతువులు పట్టుకోవడమా? ప్రతి దారికీ గట్టిగా వాదించేవారున్నారు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. పదం మనదయ్యేలోపు మూడు పనులు జరగాలి: అది మనకు దొరకాలి, గుర్తుండాలి, అవసరమైనప్పుడు నోటికో చేతికో రావాలి. మూడు పనులనూ సమానంగా చేసే పద్ధతి ఏదీ లేదు. మీ విషయంలో ఏ పని జరగడం లేదో ముందు కనిపెట్టండి. ఎంపిక దాన్ని బట్టే జరగాలి.

ఏ పదాల గురించి ఈ చర్చ

ఇంగ్లీషులో తరచుగా వాడే మాటలను లెక్కగట్టే ప్రయత్నాలు చాలాకాలంగా ఉన్నాయి. 1953లో మైకేల్ వెస్ట్ ప్రచురించిన సాధారణ పదాల జాబితాలో సుమారు 2,000 మూల పదాలున్నాయి. మామూలు రచనల్లో కనిపించే మాటల్లో దాదాపు 80 శాతం వీటి పరిధిలోకే వస్తాయి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 80 శాతం తెలుసంటే ప్రతి అయిదు మాటల్లో ఒకటి తెలియదని అర్థం. నిఘంటువు తెరవకుండా సాఫీగా చదవాలంటే 98 శాతం తెలిసి ఉండాలని, రాతలో అందుకు 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు, మాటల్లో అయితే 6,000 నుంచి 7,000 కావాలని భాషా పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో లెక్కకట్టారు. మూల పదాన్నీ దాని నుంచి పుట్టిన రూపాలనూ కలిపితే ఒక కుటుంబం.

ఆ అంకె చూసి గుండె జారిపోనక్కరలేదు. మధ్యస్థాయి అనదగినది సుమారుగా 2,000కూ 5,000కూ మధ్య ఉన్న పట్టీ. రిలక్టెంట్ (ఇష్టం లేక వెనకాడే), ఇనెవిటబుల్ (తప్పనిసరిగా జరిగి తీరే), పర్స్వేడ్ (నచ్చజెప్పి ఒప్పించు), అస్యూమ్ (రుజువు లేకుండానే నిజమనుకొను), ఆడిక్వేట్ (సరిపోయేంత), కాన్సీక్వెన్స్ (పర్యవసానం) వంటివి ఇక్కడివే.

ఈ మాటల స్వభావం గమనించండి. కుర్చీ, చెట్టు వంటి మాటలకు బొమ్మ చూపితే చాలు. వీటికి బొమ్మ ఉండదు. పైగా ఒక్కొక్కటి విడిగా చూస్తే అరుదుగానే తగులుతుంది. ఈవేళ చదివిన మాట మళ్లీ కనిపించడానికి వారాలు పట్టవచ్చు, ఈలోపు మరిచిపోతాం. మొదటి రెండు వేల పదాలు మళ్లీ మళ్లీ ఎదురై వాటంతట అవే పట్టుబడ్డాయి కాబట్టి ఇవి కూడా అలాగే వస్తాయనుకోవడం వల్లే చాలామంది ఈ మెట్టు మీద ఏళ్ల తరబడి నిలబడిపోతారు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు అడగవలసింది: ఆ పదం మీకు ఎందుకు? చదివినప్పుడు అర్థమైతే చాలా, మీరే రాయాలా, మాట్లాడాలా? ఇవి రెండూ వేర్వేరు నైపుణ్యాలు. హెజిటేట్ అని కనిపించగానే ‘సంకోచించు’ అని చెప్పగలిగిన మనిషి, తన సంకోచాన్ని ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ మాట కోసం తడుముకోవచ్చు. ఇంగ్లీషు నుంచి తెలుగుకు రావడాన్ని ఎంత సాధన చేసినా, తెలుగులోని భావం నుంచి ఇంగ్లీషు మాటకు వెళ్లడం కొద్దిగానే మెరుగవుతుంది. ఏది కావాలో తేల్చుకోకుండా మొదలుపెట్టినవారు నెలలు కష్టపడి, తమకు అక్కరలేని నైపుణ్యంలో ఆరితేరుతారు.

తర్వాతది నిలకడ. మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లో తన మీదే ప్రయోగాలు చేసుకుని, నేర్చినదాన్ని మొదటి గంటల్లోనే ఎక్కువగా మరిచిపోతామని, ఆ తర్వాత మరుపు నెమ్మదిస్తుందని చూపించాడు. పద్ధతి ఏదైనా, సరిగ్గా మరిచిపోబోయే వేళకు పదాన్ని మళ్లీ మన ముందు పెడుతుందా లేదా అన్నది చూడాలి.

మూడోది పొందిక, అంటే ఆ మాట పక్కన ఏ మాటలు ఇముడుతాయన్నది. డిస్కస్ అంటే చర్చించడం అని నేర్చుకుంటాం. తెలుగులో ‘దేని గురించో’ చర్చిస్తాం కాబట్టి చెయ్యి దానంతట అదే డిస్కస్ పక్కన అబౌట్ రాసేస్తుంది. ఇంగ్లీషులో అక్కడ అబౌట్ రాదు. మనం తప్పు ‘చేస్తాం’, ఇంగ్లీషులో మిస్టేక్ ముందు మేక్ వస్తుంది తప్ప డూ రాదు. అవాయిడ్ తర్వాత వచ్చే క్రియకు చివర ‘ఇంగ్’ ఉండాలి, రిలక్టెంట్ తర్వాత ‘టు’ ఉండాలి. అర్థం ఒక్కటే తెలిసినవారికి ఇవేవీ తెలియవు. మధ్యస్థాయిలో జరిగే పొరపాట్లలో పెద్ద వాటా ఇక్కడిదే.

ఇక సమయం, ఓపిక. రోజూ ఇరవై నిమిషాలు పెట్టగలిగినవారికి పనికొచ్చే పద్ధతి, ఆదివారాలు మాత్రమే రెండు గంటలు కూర్చునేవారికి పనికిరాదు. ఈ విషయంలో మీతో మీరు నిజం చెప్పుకోవాలి.

పోలిక ఒక్క చూపులో తెలియడానికి ఈ పట్టిక:

| దారి | కొత్త పదాలు దొరకడం | గుర్తుండటం | పొందిక తెలియడం | వాడుకలోకి రావడం | అడిగే ఓపిక |
|---|---|---|---|---|---|
| పదాల జాబితా | చాలా వేగం | తక్కువ | దాదాపు లేదు | లేదు | మొదట తక్కువ, తర్వాత విసుగు |
| ఫ్లాష్ కార్డులు | మీరు చేర్చినన్నే | చాలా ఎక్కువ | కార్డు రాసే తీరును బట్టి | కొంత | ప్రతిరోజూ తప్పనిసరి |
| స్థాయికి తగ్గ పుస్తకాలు చదవడం | నెమ్మది, నిరంతరం | మధ్యస్థం | చాలా ఎక్కువ | కొంత | ఎక్కువ సమయం, తక్కువ శ్రమ |
| వినడం, చూడటం | నెమ్మది | తక్కువ నుంచి మధ్యస్థం | ఎక్కువ | కొంత | తక్కువ |
| ధాతువులు, ఉపసర్గలు | ఊహకు సాయం | మధ్యస్థం | లేదు | లేదు | కొద్ది వారాలు |
| రాయడం, మాట్లాడటం | లేదు | ఎక్కువ | ఎక్కువ | పూర్తిగా | ఎక్కువ, దిద్దేవారు కావాలి |

పదాల జాబితా

జాబితాను తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. సరైన జాబితా మీకు పెద్ద సేవ చేస్తుంది: ఏది ముందు, ఏది తర్వాత అని చెబుతుంది. ఎక్కడో తారసపడిన అరుదైన మాట మీద గంట ఖర్చు చేసి, ప్రతి రెండో పేజీలో వచ్చే మాటను వదిలేయడం అందరూ చేసే పనే. తరచుదనాన్ని లెక్కగట్టి తయారుచేసిన జాబితా ఆ వృథాను ఆపుతుంది.

అయితే ఆ జాబితా మీ అవసరానిదై ఉండాలి. అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో రూపొందించిన విద్యావిషయక పదాల జాబితాలో 570 పద కుటుంబాలున్నాయి. విశ్వవిద్యాలయ స్థాయి పాఠ్యాల్లో ఇవి సుమారు 10 శాతం చోటు ఆక్రమిస్తాయి. అదే కథా సాహిత్యంలో చూస్తే 1.4 శాతమే. ఇంగ్లీషు మాధ్యమంలో పై చదువులకు వెళ్లేవారు ఆ 570ని కళ్లకద్దుకుని నేర్చుకోవాలి. నవలలు చదువుకోవాలనుకునే మనిషి అదే జాబితాతో తలపడితే దొరికేది చాలా తక్కువ. ‘తప్పక తెలియాల్సిన వెయ్యి పదాలు’ అని ఎవరో పేర్చిన పట్టీల్లో చాలావాటికి ఈ మాత్రం ఆధారం కూడా ఉండదు. ఏ రచనల నుంచి తీశారో, ఎలా లెక్కించారో చెప్పని జాబితాను పక్కన పెట్టండి.

రెండో చిక్కు అమరికలో ఉంది. అక్షరక్రమంలో పేర్చితే చూడటానికి ఒకేలా ఉండే మాటలు పక్కపక్కన చేరి కలగలిసిపోతాయి. అర్థాలను బట్టి పేర్చితే బాగుంటుందేమో అనిపిస్తుంది, కానీ టింకమ్ అనే పరిశోధకుడు 1993లోనూ, వేరింగ్ అనే మరో పరిశోధకుడు 1997లోనూ చేసిన ప్రయోగాల్లో దగ్గరి అర్థాలున్న కొత్త పదాలను ఒకేసారి నేర్చుకున్నవారికి ఎక్కువ సమయం పట్టింది. భయానికి సంబంధించిన ఆరు మాటలను ఒకేరోజు నేర్చుకుంటే ఆరూ ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి. ఒకటి గట్టిపడ్డాక రెండోదాన్ని తీసుకోవడం మేలు. పర్యాయపదాల గుత్తులతో నిండిన పుస్తకాలు తెలిసినవాటిని సరిచూసుకోవడానికి పనికొస్తాయి తప్ప మొదటిసారి నేర్చుకోవడానికి కాదు.

తెలుగు పాఠకులకు ప్రత్యేకించి చెప్పాల్సిన జాగ్రత్త ఒకటుంది. ఉచ్చారణ కోసం పదాలను తెలుగు లిపిలో రాసుకునే అలవాటు చాలామందికి ఉంది. ‘అడాప్ట్’ అని రాసుకున్నారనుకోండి. పరిస్థితికి తగ్గట్టు మారడం అన్న పదమూ, దత్తత తీసుకోవడం అన్న పదమూ రెండూ అదే రూపంలోకి వచ్చేస్తాయి. ఇంగ్లీషులో తేడా ఒక్క అచ్చు అక్షరం, అర్థంలో మాత్రం పొంతనే లేదు. ఉచ్చారణ గుర్తుకు తెలుగు లిపి వాడుకోండి, కానీ అసలు పదం ఇంగ్లీషు అక్షరాల్లో పక్కనే ఉండి తీరాలి.

జాబితాను వాడే మంచి తీరు ఇది: తీసుకోగానే తెలిసినవి కొట్టేయండి. అర్థం మాత్రమే తెలిసి వాడలేనివాటి పక్కన చుక్క పెట్టండి. అసలు తెలియనివి మిగులుతాయి. ఆ మిగిలినవాటిని జాబితాలోనే చదువుతూ కూర్చోకుండా కింద చెప్పబోయే పద్ధతుల్లోకి పంపండి.

ఫ్లాష్ కార్డులు

గుర్తుండటం ఒక్కటే కొలతగా పెట్టుకుంటే కార్డులను మించినది లేదు. కారణాలు రెండు. ఒకటి, విరామమిచ్చి మళ్లీ చూడటం. సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన పెట్టె పద్ధతిలో కార్డులకు అరలుంటాయి. సరిగ్గా చెప్పగలిగిన కార్డు తర్వాతి అరకు వెళుతుంది, దాన్ని మరింత ఆలస్యంగా చూస్తారు. తప్పిన కార్డు మొదటి అరకు తిరిగొస్తుంది. 2006లో వచ్చిన ఆంకీ వంటి యాప్‌లు ఇదే పనిని లెక్కకట్టి చేస్తాయి.

రెండోది, అడిగి రాబట్టడం. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికి 2006లో విద్యార్థుల చేత పాఠాలు చదివించి చూశారు. మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. చూడకుండా గుర్తుతెచ్చుకున్నవారు వారం తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. జాబితాను పదిసార్లు చదివితే ‘వచ్చేసింది’ అనిపించడానికి కారణం ఆ అయిదు నిమిషాల మాయే.

అయితే కార్డు ఎలా రాశారన్న దాని మీదే సగం ఫలితం ఉంది. ఒకవైపు పదం, రెండోవైపు ఒక తెలుగు మాట అని రాస్తే అది ముక్కలు చేసిన జాబితా అవుతుంది, అంతే. ఆ పదం మీకు దొరికిన వాక్యాన్ని రాసి, పదం ఉన్నచోట ఖాళీ వదలండి. పక్కన తెలుగులో అర్థం ఇవ్వండి. వెనక పదం ఉండాలి. అప్పుడు మీరు భావం నుంచి పదానికి వెళ్లడం సాధన చేస్తారు, పొందిక కూడా వాక్యంతోపాటే లోపలికి పోతుంది. చదివి అర్థం చేసుకోవడమే లక్ష్యమైతే ఇంత అక్కరలేదు, వాక్యంలో పదాన్ని గీత గీసి చూపి అర్థం అడిగితే చాలు. తెలుగు అర్థం రాసుకోవడం వెనకబాటని కొందరు అంటారు. ఆ మాట పట్టించుకోకండి. కొత్త పదాన్ని మొదటిసారి పట్టుకోవడానికి మాతృభాషను మించిన ఊతం లేదు.

కొన్ని పదాలు ఎన్నిసార్లు చూసినా నిలవవు. వాటికి శబ్దాన్ని పట్టుకుని ఒక దృశ్యం అల్లండి. అబాండన్‌లో ‘బండ’ వినిపిస్తుంది: మోయలేక దారి మధ్యలో బండను వదిలేసి పోతున్న మనిషిని ఊహించుకుంటే ‘విడిచిపెట్టు’ అన్న అర్థం చాలాకాలం ఉంటుంది. రిచర్డ్ అట్కిన్‌సన్ 1975లో పరీక్షించి చూపిన కీలక పద పద్ధతి ఇదే. మొండి పదాలకు మాత్రమే వాడండి, ప్రతిదానికీ దృశ్యం కల్పించబోతే దానికే సమయమంతా పోతుంది.

కార్డుల అసలు లోపం క్రమశిక్షణ దగ్గర బయటపడుతుంది. రోజుకు 10 కొత్త కార్డులు చేరిస్తే కొన్ని వారాలకు రోజువారీ పునశ్చరణ సుమారు 70 నుంచి 100 కార్డులకు చేరుతుంది. ఉత్సాహంలో 30 మొదలుపెట్టినవారి మీద నెల తిరిగేసరికి కొండలా బాకీ పడుతుంది, యాప్ తెరవడానికే భయమేస్తుంది. మధ్యస్థాయి పదాలకు రోజుకు 5 నుంచి 8 కొత్తవి చాలు. రోజుకు 5 చొప్పున ఏడాదికి 1,800 దాటుతాయి, ఆ వేగం తక్కువేమీ కాదు. ఎవరో తయారుచేసిన వేల కార్డుల కట్టను దింపుకోవడం కంటే సొంతంగా రాసిన కొద్దిపాటి కార్డులే మిన్న. రాయడంలోనే సగం నేర్చుకోవడం అయిపోతుంది.

చదువు

పదం పూర్తి రూపం తెలిసేది చదువులోనే, అంటే పుస్తకాలు, వ్యాసాలు చదవడంలోనే. కన్సర్న్ ఒకచోట ఆందోళన, మరోచోట సంబంధం, ఇంకోచోట వ్యాపార సంస్థ. ఏ కార్డూ దీన్నంతా మోయలేదు. పది సందర్భాల్లో ఎదురైనప్పుడు ఆ మాట ఎంత దూరం పోతుందో, ఎక్కడ ఆగుతుందో లోలోపల తెలుస్తుంది.

కానీ ‘బాగా చదవండి, పదాలు వాటంతట అవే వస్తాయి’ అన్న సలహా మధ్యస్థాయివారికి అరకొర సలహా. సందర్భాన్ని బట్టి అర్థం ఊహించాలంటే చుట్టూ ఉన్న మాటలు తెలిసి ఉండాలి. 95 శాతం తెలిస్తే ఇరవై మాటలకు ఒక కొత్త మాట, 98 శాతం అయితే యాభైకి ఒకటి. మీ పుస్తకాన్ని ఇలా పరీక్షించండి: సుమారు 300 మాటలున్న పేజీ తీసి తెలియనివి లెక్కపెట్టండి. ఆరు లోపుంటే హాయిగా చదువుకోండి. ఆరు నుంచి పదిహేను దాకా ఉంటే నిఘంటువు దగ్గర పెట్టుకుని చదవదగ్గది. అంతకు మించితే ఆ పుస్తకానికి ఇంకా వేళ కాలేదు. పేరున్న నవలతో మొదలుపెట్టి మూడో పేజీలో వదిలేసినవారు తమకు ఇంగ్లీషు రాదనుకుంటారు. వారు ఎంచుకున్న మెట్టు ఎత్తుగా ఉంది, అంతే. పదాల సంఖ్యను పరిమితం చేసి స్థాయిలవారీగా రాసిన పుస్తకాలు ఇందుకే ఉన్నాయి. పెద్దవాళ్లు వాటిని చదవడానికి మొహమాటపడాల్సిన పనిలేదు.

చదువుతో వచ్చే రెండో ఇబ్బంది మొదట చెప్పినదే: మధ్యస్థాయి పదం మళ్లీ ఎదురవడానికి చాలాకాలం పడుతుంది. దీనికి మంచి ఉపాయం ఉంది. కొన్ని వారాలపాటు ఒకే విషయం మీద చదవండి. ఆరోగ్యం కానివ్వండి, ఆటలు, అంతరిక్షం, ఒక దేశపు ఎన్నికలు కానివ్వండి, ఒకే అంశం మీద వరుసగా వచ్చే వ్యాసాల్లో అవే మాటలు తిరుగుతాయి. ఈరోజు రాజకీయం, రేపు వంట, ఎల్లుండి విజ్ఞానం అని మారుస్తూ పోతే వైవిధ్యం ఉంటుంది కానీ పదాలు చేతికి చిక్కవు.

ప్రతి తెలియని మాటకూ ఆగకండి. పేజీలో రెండుసార్లు వచ్చిన మాట, తెలియకపోతే కథే అందని మాట, ఇంతకుముందు ఎక్కడో చూశానే అనిపించిన మాట, ఈ మూడు రకాలే కార్డుకు అర్హమైనవి.

వినడం, చూడటం

మాటల్లో పదాల పరిధి రాతలో కంటే చిన్నది. వెబ్, రాడ్జర్స్ అనే పరిశోధకులు 2009లో లెక్కించిన ప్రకారం 3,000 పద కుటుంబాలు, వాటితోపాటు పేర్లు తెలిస్తే సినిమాలు, టీవీ కార్యక్రమాల్లో దాదాపు 95 శాతం మాటలు తెలిసినట్టే. కాబట్టి రాత మీద పట్టు రాకముందే ఇక్కడ ఆనందం దొరుకుతుంది. ఉచ్చారణ, ఏ అక్షరం మీద ఊనిక, మాటలో మర్యాద ఎంత అన్నవి వినికిడి తప్ప మరేదీ నేర్పదు. మెలిక ఉపశీర్షికల (సబ్‌టైటిల్స్) దగ్గర ఉంది. తెలుగు ఉపశీర్షికలు పెట్టుకుంటే కళ్లు తెలుగు చదువుతాయి, చెవులు విశ్రాంతి తీసుకుంటాయి. ఇంగ్లీషు మాటలకు ఇంగ్లీషు ఉపశీర్షికలే పెట్టుకోండి. పదాల కోసమే అయితే వినికిడిని ఏకైక మార్గం చేసుకోవద్దు. మాట దాటిపోయాక దాన్ని పట్టుకోవడానికి ఆగరు ఎవరూ.

ధాతువులు, ఉపసర్గలు, ప్రత్యయాలు

ఇన్‌స్పెక్ట్, ప్రాస్పెక్ట్, స్పెక్టేటర్ మూడింట్లోనూ ‘చూడటం’ అన్న లాటిన్ మూలం ఉంది. ప్రెడిక్ట్, కాంట్రడిక్ట్, డిక్టేట్‌లలో ‘చెప్పడం’ ఉంది. ఇటువంటివి ఓ ముప్పై, ప్రత్యయాలు ఓ ఇరవై తెలిస్తే కొత్త మాట ముఖం పరిచితంగా కనిపిస్తుంది. క్రియ నుంచి నామవాచకం, దాని నుంచి విశేషణం చేసుకోవడం వస్తుంది. ఒక మాట చోట నాలుగు దొరుకుతాయి. ఇది తెలుగువారికి కొత్త ఆలోచన కాదు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అన్నీ ఒకే ధాతువు నుంచి వచ్చాయని చిన్నప్పుడే వింటాం.

అయితే ఆ ఉదాహరణే హెచ్చరిక కూడా. ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా మరోచోటికి లాక్కుపోతుందని మన వ్యాకర్తలు చెప్పింది ఇంగ్లీషుకూ వర్తిస్తుంది. ‘ఇన్’ అంటే లేకపోవడం అని నేర్చుకున్నవారు ఇన్వాల్యుబుల్‌ను విలువ లేనిదనుకుంటారు. దాని అర్థం వెలకట్టలేనంత విలువైనది. ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది కాదు, తేలిగ్గా మండేది. ధాతువుతో ఊహించండి, నిఘంటువుతో నిర్ధారించుకోండి. కొద్ది వారాలు దీనిపై శ్రద్ధ పెట్టి, తర్వాత పక్కన ఉంచుకునే పనిముట్టు ఇది. దీన్నే ప్రధాన మార్గం చేసుకున్నవారు పదాలను విడదీయడంలో నేర్పరులవుతారు, వాక్యం రాయమంటే తడబడతారు.

రాయడం, మాట్లాడటం

కొత్త పదం ఇక్కడ దొరకదు. దొరికిన పదం ఇక్కడే సొంతమవుతుంది. వారంలో నేర్చుకున్న మాటల్లో నాలుగైదు తీసుకుని మీ రోజు గురించి, మీ పని గురించి, మీ అభిప్రాయం గురించి ఒక పేరా రాయండి. నిఘంటువులోని ఉదాహరణను కాపీ చేయవద్దు, మీ జీవితంలోని నిజమైన విషయమే రాయండి. దిద్దడానికి ఒక మనిషి ఉంటే అదృష్టమే. లేకపోతే కృత్రిమ మేధ ఆధారిత సహాయకుడిని అడగవచ్చు, కానీ ‘దీన్ని బాగా రాసి పెట్టు’ అనకండి. ‘ఈ పదం ఇక్కడ పొసుగుతుందా, ఎందుకు’ అని అడగండి. మొదటిది మీ వాక్యాన్ని మీ నుంచి తీసేసుకుంటుంది.

ఎవరికి ఏది

పరీక్ష తేదీ దగ్గరపడినవారికి జాబితా, కార్డులు తప్పవు. ఆ పరీక్ష పాత ప్రశ్నపత్రాల నుంచే పదాలు ఏరుకోండి, ధాతువులకు రెండు వారాలు కేటాయించండి. ఇలా నేర్చినవాటిలో చాలా భాగం తర్వాత చదువు కొనసాగించకపోతే కరిగిపోతుందని తెలిసే ఈ బేరానికి దిగండి.

ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలతో కుస్తీ పట్టే విద్యార్థులు ఆ 570 విద్యావిషయక పదాలను కార్డులు చేసుకుని, సొంత విషయపు పుస్తకాన్నే చదువుగా వాడుకోవాలి. విడిగా కథల పుస్తకాలు చదవాల్సిన అవసరం వీరికి అంతగా లేదు.

అంతా అర్థమవుతుంది కానీ నోరు పెగలనివారికి కొత్త పదాలతో పనిలేదు. జాబితాలు మూసేయండి. ఇప్పటికే గుర్తుపట్టగలిగే వందల మాటలు లోపల నిద్రపోతున్నాయి. ఖాళీ వదిలిన వాక్యాల కార్డులు, వారానికి రెండుమూడు పేరాలు, ఎవరితోనైనా మాటలు, ఇవే మందు. ఈ కోవలోని వారు మరో వెయ్యి పదాలు నేర్చుకుంటే నోరు విప్పగలమని నమ్మి ఏళ్లు గడపడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఉద్యోగంలో ఉత్తరాలు, నివేదికలు రాసేవారు తమకు వచ్చే మంచి ఉత్తరాలనే పాఠ్యంగా తీసుకోవాలి. వాటిలో కలిసి వచ్చే రెండుమూడు మాటల కూర్పులను పూర్తిగా, విడదీయకుండా కార్డు మీదకు ఎక్కించాలి.

తొందర లేనివారు, ఇష్టంతో నేర్చుకునేవారు చదువునే ఆధారం చేసుకోండి. రోజుకు అరగంట స్థాయికి తగ్గ పుస్తకం, అందులోంచి నాలుగైదు కార్డులు. నన్నడిగితే మధ్యస్థాయి పాఠకుల్లో ఎక్కువమందికి సరిపోయే జోడీ ఇదే. పదాలను చదువు తెచ్చి ఇస్తుంది, కార్డులు పట్టి ఉంచుతాయి.

నిఘంటువు ఏది

ఏ దారి పట్టినా ఈ ప్రశ్న వస్తుంది. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు వెంటనే అర్థమిస్తుంది, కానీ చాలాసార్లు వరుసగా అయిదారు తెలుగు మాటలిచ్చి ఏది ఎక్కడ వర్తిస్తుందో చెప్పదు. అభ్యాసకుల కోసం రాసిన ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువు ఉదాహరణ వాక్యాలు, పొందికలు, ఏ క్రియ తర్వాత ఏ రూపం రావాలో ఇస్తుంది. అది కష్టమని భయపడనవసరం లేదు. 1978లో వచ్చిన లాంగ్‌మన్ అభ్యాసక నిఘంటువు నిర్వచనాలను సుమారు 2,000 తేలిక పదాలతోనే రాసింది, తర్వాత మరికొన్ని నిఘంటువులూ ఆ తరహానే పాటించాయి. మధ్యస్థాయికి వచ్చారంటే ఆ రెండు వేలు మీ దగ్గర ఉన్నట్టే. చదువుతుండగా మధ్యలో ఆగాల్సి వస్తే తెలుగు అర్థం చూసి సాగిపోండి. కార్డు రాసేటప్పుడు, వాక్యం రాసేటప్పుడు అభ్యాసక నిఘంటువు తెరవండి.

ఎంచుకున్నది పనిచేస్తోందా

కొత్త పద్ధతికి ఆరు వారాలివ్వండి, మధ్యలో మార్చకండి. ఆ తర్వాత మొదటి రెండు వారాల్లో నేర్చుకున్నవాటిలో 20 పదాలను చీటీలు తీసినట్టు ఏరండి. ముందు తెలుగు అర్థాలు మాత్రమే చూసి ఇంగ్లీషు పదం రాయండి. తర్వాత ఒక్కోదానితో సొంత వాక్యం రాసి నిఘంటువుతో సరిచూసుకోండి. పదాలే గుర్తురాకపోతే పునశ్చరణ చాలడం లేదు, పాత కార్డులు చూడటం పెంచి కొత్తవి తగ్గించండి. పదాలు గుర్తుండి వాక్యాలు తప్పుతుంటే పొందిక లోపించింది, చదువు పెంచి కార్డుల మీద వాక్యాలు చేర్చండి. రెండూ బాగుండి మాట్లాడేటప్పుడు మాత్రం తడుముకుంటుంటే, ఆ వారం నుంచి కొత్త కార్డులు ఆపి ఆ సమయాన్ని రాయడానికీ మాట్లాడటానికీ ఇవ్వండి.